కంటి చదువుకు ఒక పద్దు

(సొసైటీ వార్షిక సమావేశం, అచ్చంపేట. ప్రసంగ పాఠం)

 

కోశాధికారి గారు ఇప్పుడే లెక్కలు చదివారు. స్కూలు పుస్తకాలు, కాలేజీ ఫీజులు, రంజాన్ రేషన్, భర్త పోయిన ఆడవాళ్లకు కుట్టు మిషన్లు. ఒక్క పద్దును కూడా తగ్గించమని నేను అనను. నాకు ఇచ్చిన అంశం "మన పిల్లల చదువు". మార్కుల గురించి చాలామంది మాట్లాడారు, ఇకముందూ మాట్లాడతారు. నేను ఈ పూట కంటి గురించి మాట్లాడతాను. ఈ లెక్కలో ఇంకో చిన్న పద్దు చేర్చమని అడగడానికే వచ్చానని ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి అడగడం నాకు చేతకాదు.

కుట్టు మిషన్ దగ్గరే మొదలుపెడదాం. ఒకే వీధిలో ఇద్దరు ఆడవాళ్లు కుడుతుంటారు. మిషన్ ఒకటే, దారం ఒకటే. ఒకామెకు జాకెట్టుకు కుట్టుకూలి మాత్రమే వస్తుంది. రెండో ఆమె వీపు మీద ఒక తీగ, చేతుల అంచున నాలుగు మామిడి పిందెలు తనే గీసుకుని మగ్గం వర్క్ వేస్తుంది. పెళ్లి సీజన్లో ఆమె ఇంటి ముందు మనుషులు ఆగి ఉంటారు. మగ్గం వర్క్ చేసేవాళ్లు మన వాళ్లలో చాలామంది ఉన్నారు కాబట్టి మీకు తెలిసిన సంగతే: ముందు ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ గీస్తారు, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని గుడ్డతో రుద్దితే ఆ బొమ్మ బట్ట మీద దిగుతుంది. దాన్ని ఖాకా అంటారు. రోజంతా వంగి కుట్టినవాడికి కూలి, ఖాకా గీసినవాడికి ధర. మనం మిషన్ ఇచ్చాం, గీయడం మాత్రం ఎవరికీ నేర్పలేదు. చాలామంది పట్నం నుంచి వచ్చిన డిజైన్ కాగితాలు కొనుక్కునో, ఫోన్లో ఎవరో పెట్టింది చూసి దించుకునో వేస్తున్నారు. దించుకోవడం తప్పని నేను అనను, నేర్చుకునేవాడు దించకుండా ఎలా నేర్చుకుంటాడు? కానీ ఊరంతా ఒకే నెమలిని వేస్తే నెమలి ధర పడిపోతుంది.

మరి కొత్తది ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి నా దగ్గరున్న జవాబు చాలా మామూలుది. బాగా చూసినవాడికి వస్తుంది. చూడడం పుట్టుకతో వచ్చేది కదా అంటారు. కాదు, అలవాటుతో వచ్చేది. మన మిర్చి కల్లాలకే వెళ్లండి. పట్టాల మీద ఆరబోసిన కాయల ముందు కూర్చుని తాలు కాయలు ఏరే ఆడవాళ్ల చేతులు చూశారా? మనకు అంతా ఎరుపే. ఆమెకు అందులో కనీసం పది రంగులు. ఇది తాలు, ఇది తొడిమ దగ్గర తెల్లబడుతోంది, ఇది నిన్నటి మంచుకు మెత్తబడింది, ఇది తేజ, ఇది బాడిగ. గుంటూరు యార్డులో కాయ రంగు చూసి ధర కడతారు. రంగు పోకుండా ఉండాలనే కోల్డ్ స్టోరేజీల్లో పెడతారు. మనం రంగు అమ్ముకుని బతికే ప్రాంతం వాళ్లం. అలాంటి ఊళ్లో "రంగుల గురించి పిల్లలకు చెప్పడం దండగ" అంటే నాకు నవ్వొస్తుంది.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకసారి ఒక పని ఇచ్చాం. ఇంట్లో ఫోన్ అడిగి తీసుకుని, ఒకే కల్లంలో పది వేరువేరు ఎరుపులు ఫొటో తీసుకు రమ్మన్నాం. ఫిల్టర్లు వేయకూడదు, మనుషుల ముఖాలు తీయకూడదు. మొదటి రోజు అందరూ ఒకే ఫొటో తెచ్చారు, కాయల కుప్పా పైన ఆకాశం. రెండోసారి పంపితే ఒకడు పొద్దున్నే వెళ్లి మంచు తడి ఉన్న కాయలు తీశాడు. ఒకమ్మాయి సాయంత్రం ఎదురు ఎండలో కాయను పట్టుకుని, లోపలి గింజలు నీడలా కనబడేలా తీసింది. ఇందులో ఖర్చేమీ లేదు. రెండోసారి వెళ్లి చూసిరమ్మని చెప్పేవాళ్లు ఒకరు ఉండాలి, అంతే.

ఫొటో అన్నాను కాబట్టి ఒక ముచ్చట. కెమెరా అంతా పడమటి దేశాల వాళ్లదే అని మన పిల్లలు అనుకుంటారు. సుమారు 965లో బస్రాలో పుట్టి, కైరోలో జీవించిన ఇబ్న్ అల్-హైథమ్ కాంతి మీద, చూపు మీద కితాబుల్ మనాజిర్ అనే పెద్ద గ్రంథం రాశాడు. కంట్లోంచి ఏవో కిరణాలు బయటికి వెళ్లి వస్తువును తాకితే మనం చూస్తామని అంతకు ముందు చాలామంది పెద్దలు నమ్మేవారు. ఆయన దాన్ని తిరగేశాడు. వస్తువు నుంచి వెలుగు కంటికి వస్తుంది అన్నాడు. చీకటి గదిలో చిన్న రంధ్రం గుండా వెలుగు ఎలా వస్తుందో పరీక్షించి చూశాడు. ఆ పరీక్షకు పల్నాడు ఎండ కన్నా మంచిది ఇంకేం కావాలి? గది కిటికీలకు నల్ల గుడ్డలు కట్టి, ఒక్క చోట పెన్సిల్ పట్టేంత చిల్లు ఉంచితే ఎదుటి గోడ మీద బయటి వేపచెట్టు తలకిందులుగా కనబడుతుంది. కొమ్మలు ఊగుతుంటే గోడ మీదా ఊగుతాయి. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ రోజు ఇంటర్వెల్ గంట కొట్టినా బయటికి రాలేదు.

ఇప్పుడు మన జిల్లాకే వద్దాం. 2022లో జిల్లాలు విడదీశాక అమరావతి, అచ్చంపేట రెండూ పల్నాడులోనే ఉన్నాయి. ఒక పూటలో వెళ్లి రావచ్చు. అక్కడి మహాస్తూపం రాళ్లు మన పల్నాటి సున్నపురాయే. అదే రాయిని ఇవాళ పిడుగురాళ్లలో బట్టీల్లో కాల్చి సున్నం చేస్తున్నాం. రెండు వేల ఏళ్ల కిందట అదే రాయి మీద తామరపూలు, లతలు, పూర్ణఘటాలు చెక్కారు. ఒక్కో తామర పలకలో రేకుల వరసలు లెక్కపెట్టి చూడండి. వృత్తాన్ని సమంగా కోయడం తెలియనిదే ఆ పని చేతకాదు.

1797లో కల్నల్ మెకంజీ వచ్చేసరికి ఆ దిబ్బను జనం దీపాలదిన్నె అనేవారు. కొత్త కట్టడాల కోసం రాళ్లు తవ్వుకుపోతున్నారు, కొన్ని సున్నానికీ పోయాయి. 1816లో ఆయన మళ్లీ వచ్చి తన మనుషులతో కొలతలు తీయించి, శిల్పాల బొమ్మలు గీయించాడు. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లు మద్రాసు పంపాడు. వాటిలో వందకు పైగా ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో, చాలా భాగం చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని అమరావతి మ్యూజియంలోనూ ఉన్నాయి. అయితే మెకంజీ మనుషులు గీసిన కొన్ని రాళ్లు తర్వాత మాయమైపోయాయి. అవి ఇప్పుడు కాగితం మీదే ఉన్నాయి. పెన్సిల్‌తో గీసిన గీత మిగిలింది, రాయి మిగల్లేదు. బొమ్మలు గీయడం పనీపాటా లేనివాళ్ల వ్యవహారం అనేవారికి నేను ఈ సంగతే చెబుతుంటాను.

ఇక్కడ దాతలు చాలామంది ఉన్నారు కాబట్టి ఇంకో మాట. ఆ స్తూపాన్ని ఒక్క రాజు కట్టించలేదు. రాళ్ల మీద ఇచ్చినవాళ్ల పేర్లున్నాయి. వ్యాపారులు, గృహిణులు, సన్యాసినులు. పూర్ణఘటం చెక్కిన ఒక పలక ఇచ్చినవాడు విధికుడు అనే చర్మకారుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు. చెప్పులు కుట్టినవాడు తన ఊరికి ఒక అందమైన రాయి ఇచ్చాడు! వాళ్ల మతం వేరు, మన మతం వేరు. కానీ సంపాదనలో కొంత తీసి, పదిమంది కళ్లు చల్లబడే పనికి ఇవ్వడం ఈ నేలకు కొత్త కాదని తెలుసుకుంటే చాలు.

కొందరు పెద్దల మనసులో ఒక ప్రశ్న ఉంటుంది. నన్ను ముఖం మీదే అడిగారు కూడా: "బొమ్మలు గీయించడం మన దీన్‌లో కుదురుతుందా మాస్టారూ?" ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాలు చెప్పేది ఉంది. ఆ మసలా మీద తీర్పు చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను, ఈ వేదికా దానికి కాదు. ఇల్లు ఇంటికీ పట్టింపు ఉంటుంది, దాన్ని గౌరవిద్దాం. కానీ ఆ గీత గీసుకున్నాక కూడా మిగిలిన మైదానం ఎంత పెద్దదో చూడండి. ఆకు, పువ్వు, కొండ, నీరు, అక్షరం, చదరం, నక్షత్రం. ఈ మైదానంలోనే మన పూర్వీకులు ప్రపంచం నోరెళ్లబెట్టే పని చేశారు. గాషియా సూరాలో ఒంటెను, ఆకాశాన్ని, పర్వతాలను, నేలను చూడరా అని అడుగుతున్నట్టు ఉంటుందని మనందరికీ తెలుసు. చూడమని ఆదేశం ఉన్నవాళ్లం చూపు నేర్పడానికి వెనకాడడం ఎందుకు?

లెక్కల పంతులును కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి. ప్రతి పిల్లవాడి జామెట్రీ బాక్సులో కంపాస్ ఉంటుంది. చాలా పెట్టెల్లో అది తుప్పు పట్టి ఉంటుంది. ఒక వృత్తం గీయండి. కంపాస్ వెడల్పు మార్చకుండా, వృత్తం అంచు మీద ముల్లు పెట్టి చిన్న చాపం గీయండి. అది తాకిన చోట మళ్లీ ముల్లు పెట్టండి. ఆరుసార్లకు సరిగ్గా మొదటి చోటికి వస్తారు, వెంట్రుకవాసి కూడా తేడా రాదు. చాపాలు లోపలికి గీస్తే ఆరు రేకుల పువ్వు. ఆరు బిందువులు వరసగా కలిపితే షడ్భుజి. ఒకటి విడిచి ఒకటి కలిపితే ఆరు కొమ్ముల నక్షత్రం. అదే వృత్తాన్ని పక్కపక్కనే గీసుకుంటూ పోతే గోడంతా నిండే జాలీ. కొలబద్ద మీద అంకెలతో పనే లేదు. స్పెయిన్‌లోని అల్‌హంబ్రా గోడల నుంచి మన హైదరాబాద్‌లో 1590లలో కట్టిన బాద్షాహీ ఆషుర్‌ఖానా రంగు పలకల దాకా ఆ కుటుంబం పిల్లలే. "వ్యాసార్థం", "సమబాహు త్రిభుజం" అంటే నిద్రపోయే పిల్లవాడు ఈ పువ్వు గీశాక "సార్, ఎనిమిది రేకులు ఎలా?" అని తనే అడుగుతాడు. అప్పుడు కోణ సమద్విఖండన చెబితే చెవికెక్కుతుంది. మన పిల్లలు ఎక్కువమంది తప్పేది లెక్కల్లోనే అని మీకు తెలుసు. నేను కంపాస్ కొనివ్వమని అడిగేది కళ మీద మోజుతో మాత్రమే కాదు.

ఈ చూపు అన్నం పెట్టిన చోట్లు మన చుట్టూనే ఉన్నాయి. గోల్కొండ నవాబుల కాలంలో మచిలీపట్నం కలంకారీ బట్ట పర్షియాకు ఓడల్లో వెళ్లేది. అక్కడి వారి అభిరుచికి తగ్గట్టు మన వాళ్లు తీగలు, జీవవృక్షాలు, మిహ్రాబ్ తీరు అంచులు వేశారు. కరక్కాయ నీళ్లలో నానబెట్టిన బట్ట, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన నలుపు. ఇవాళ్టికీ పెడనలో చెక్క అచ్చులతో ఆ పని జరుగుతోంది. ఏలూరులో తివాచీలు నేసింది మన ముస్లిం కుటుంబాలే, ఆ విద్య పర్షియా నుంచి వచ్చినవాళ్లతో వచ్చిందని చెప్పుకుంటారు.

హైదరాబాద్‌లో సురయ్యా హసన్ బోస్ గారి గురించి మన ఆడపిల్లలకు తప్పక చెప్పాలి. జై హింద్ నినాదం ఇచ్చిన ఆబిద్ హసన్ సఫ్రానీ గారు ఆమెకు బాబాయి వరస. హిమ్రూ, మష్రూ అనే పాత నేతలు అంతరించిపోయే దశలో ఉంటే, ఆమె పాత బట్టల్లోని డిజైన్లు వెతికి పట్టుకుని, గళ్ల కాగితం మీదికి ఎక్కించి, మగ్గాలు వేయించారు. ఆ మగ్గాల మీద భర్త పోయిన ఆడవాళ్లకు పని నేర్పించారు. పక్కనే సఫ్రానీ పేరుతో పిల్లలకు బడి పెట్టారు. 2021లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. మనం కుట్టు మిషన్ దాకా వచ్చాం. ఆమె ఇంకో అడుగు ముందుకు వేసి డిజైన్‌ను కూడా ఆ ఆడవాళ్ల చేతికి ఇచ్చారు.

ప్రకృతి మాటకొస్తే మనకు కరువు లేదు. మాదిపాడు రేవులో నిలబడి ముక్త్యాల వైపు చూస్తే కృష్ణ ఒక్కో నెల ఒక్కో రంగులో ఉంటుంది. మాచర్ల అవతల ఎత్తిపోతల దగ్గర చంద్రవంక సుమారు 70 అడుగుల నుంచి దూకుతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా కూర్చుంటాయి. మన కుటుంబాలు వెళ్లడం లేదా అంటే వెళ్తున్నాయి. బిర్యానీ డబ్బాలతో వెళ్లి, సెల్ఫీలు దిగి, ప్లేట్లు అక్కడే పారేసి వస్తున్నాం (నవ్వకండి, మొన్నటి పండగ సెలవుల్లో చూసినదే చెబుతున్నా). జహంగీర్ బాద్షా కొలువులో ఉస్తాద్ మన్సూర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. అతను గీసిన సైబీరియా కొంగను, డోడో పక్షిని శాస్త్రవేత్తలు ఈనాటికీ సాక్ష్యంగా చూస్తారు. డోడో ఇప్పుడు భూమి మీద లేదు. అతని ఓపికలో నూరో వంతు మన పిల్లలకు వస్తే చాలు. ఒక ఆకును పావుగంట చూసి గీసిన పిల్ల మర్నాడు సైన్స్ పరీక్షలో ఈనెల తీరు మరిచిపోదు.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. చాంద్ రాత్ నాడు మన వీధుల్లో మెహందీ పెట్టే అమ్మాయిలను చూడండి. కోన్ పట్టుకుంటే గీత వణకదు, ముందు గుర్తులేవీ పెట్టుకోకుండా అరచేతి మధ్య నుంచి వేలి కొసదాకా లెక్క తప్పకుండా నింపుతారు. వాళ్లలో ఒకమ్మాయి పది పాసయ్యాక, అందరూ తీసుకుంటున్నారని ఎంపీసీలో చేరింది. ఫిజిక్స్ గట్టెక్కలేదు, చదువు ఆగింది, ఏడాదిలో నిఖా అయింది. నిఖాకు నేను వ్యతిరేకిని కాదు. కానీ ఆంధ్రప్రదేశ్‌లోనే 2015 నుంచి జాతీయ డిజైన్ సంస్థ ఉందని, దాని డిగ్రీ కోర్సుకు ఇంటర్ ఏ గ్రూపు చదివినా దరఖాస్తు చేయవచ్చని, ప్రవేశ పరీక్షలో చూసేది ఆలోచన, గీత, పరిశీలన అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. హైదరాబాద్‌లో నిఫ్ట్ ఉంది. అంత దూరం పోలేనివాళ్లకు మన ప్రభుత్వ పరీక్షల విభాగమే డ్రాయింగ్‌లోనూ, టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీలోనూ లోయర్, హయ్యర్ పరీక్షలు పెడుతుంది. వీటికి ఎంపీసీ అక్కర్లేదు. మగపిల్లల సంగతీ అంతే. బండ్ల మీద స్టిక్కర్లు కోసేవాడు, షాపుల బోర్డులకు అక్షరాలు రాసేవాడు, పెళ్లి ఫొటోలు తీసేవాడు మన ఇళ్లల్లోనే ఉన్నారు. వాళ్లను "చదువు అబ్బలేదు" అని చెప్పి పరిచయం చేస్తున్నాం.

అడిగేది సూటిగా అడుగుతాను. ఈ ఏడాదికి ముప్పై మంది పిల్లలు, ఆరు నుంచి పది వరకు, ఆడపిల్లలు సగానికి తగ్గకుండా. ఒక్కొక్కరికి మందపాటి డ్రాయింగ్ పుస్తకం, మూడు రకాల పెన్సిళ్లు, మంచి కంపాస్, రంగుల డబ్బా. ఆదివారం అసర్ నమాజ్ ముందు రెండు గంటలు క్లాసు. మదరసా వెనక గది ఇస్తామని పెద్దలు ఒప్పుకున్నారు, నేను జీతం లేకుండా వస్తాను. మగ్గం వర్క్ చేసే ఒక భాయ్ ఖాకా గీయడం నేర్పుతానన్నారు, ఆయన ఒక రోజు పని పోగొట్టుకుంటారు కాబట్టి ఆయనకు మాత్రం ఆ రోజు కూలి ఇవ్వాలి. ఏడాదికి రెండుసార్లు బస్సు, ఒకటి అమరావతి మ్యూజియానికి, ఒకటి పెడనకు. ఇంటర్ చదివే పిల్లల్లో ఇద్దరు ముగ్గురు డిజైన్ ప్రవేశ పరీక్ష రాస్తే ఆ ఫీజు. కాగితం మీద అంచనా వేసి కార్యదర్శి గారికి ఇచ్చాను. మొత్తం కలిపినా ఒక మోస్తరు పెళ్లి వలీమా భోజనాల ఖర్చుకు చేరదు.

జకాత్ సొమ్ము దీనికి అడగడం లేదు. జకాత్ ఎవరికి చేరాలో వాళ్లకే చేరాలి. రేషన్‌లోనూ, ఫీజుల్లోనూ ఒక్క రూపాయి తగ్గకూడదు. ఇది సదఖా నుంచి, లిల్లాహ్ నిధి నుంచి, వేరే రసీదు పుస్తకంతో జరగాలని నా మనవి. ఏ దాత ఇచ్చిన డబ్బు దేనికి పోయిందో వచ్చే సావనీర్‌లో పద్దు పద్దుగా అచ్చు వేద్దాం. ఏడాది తర్వాత పనికిరాలేదని కమిటీకి అనిపిస్తే ఆపేద్దాం, నేనేమీ నొచ్చుకోను.

భోజనాలకు లేచే ముందు హాలు ఎడమ గోడ వైపు ఒక్కసారి వెళ్లండి. పిల్లలు తీసిన మిర్చి ఫొటోలు, కంపాస్‌తో గీసిన పువ్వులు అక్కడ అతికించాం. కింద పేర్లు రాయలేదు, తరగతి మాత్రమే రాశాం. మీ పిల్లలదేదో గుర్తుపట్టి చెప్పండి. రసీదు పుస్తకం ఆ పక్క బల్ల మీదే ఉంది.